పిల్లాణ్ణి ఇంట్లో వదిలి రమ్మన్న క్లాసు: ఎనిమిది శనివారాలు, ఆరు వేల రూపాయలు

ఫోన్‌లో పేరు రాసుకున్న అమ్మాయి ముందే చెప్పింది: "మేడమ్, బాబుని తీసుకురావద్దు. మీరూ సారూ వస్తే చాలు."

నాకు అర్థం కాలేదు. కొరికేది వాడు. కంచాలు విసిరేది వాడు. వారానికి రెండుసార్లు యూకేజీ టీచర్ చేత నాకు ఫోన్ చేయించేది వాడు. వాణ్ణి ఇంట్లో వదిలేసి మమ్మల్ని రమ్మంటారేంటి? పన్ను నొప్పి నాకైతే మా ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టినట్టుంది వ్యవహారం.

మాట వినని పిల్లలతో ఎలా నడుచుకోవాలో తల్లిదండ్రులకి నేర్పే క్లాసు అది. ఎనిమిది శనివారాలు వెళ్ళాం. ఇద్దరికీ కలిపి 6,000 కట్టాం. మా బ్యాంకులో ఇప్పటికే ముగ్గురు అడిగారు, పనికొస్తుందా అని. ముగ్గురికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఒకేసారి రాస్తున్నాను. సెంటర్ పేరు రాయను, తిట్టాల్సినవి కూడా ఉన్నాయి కాబట్టి. హైదరాబాద్‌లో మియాపూర్ వైపు, ఓ పిల్లల క్లినిక్ పై అంతస్తు. అంతవరకు చాలు.

ముందు మా సంగతి. కేపీహెచ్‌బీలో మూడో అంతస్తు, రెండు బెడ్‌రూములు. నేను బ్యాంకులో క్లర్కుని. మా ఆయన పాశమైలారంలో మందుల కంపెనీలో షిఫ్టులు. ప్రసూతి సెలవు అయిపోయి నేను డ్యూటీలో చేరిన రోజు ఖమ్మం నుంచి వచ్చిన మా అత్తయ్య ఇప్పటికీ మాతోనే ఉన్నారు. మావాడికి ఐదున్నరేళ్ళు. స్కూల్ నుంచి మూడింటికి వస్తాడు. నేను ఇంటికి చేరేసరికి ఏడవుతుంది. ఈ రెండు అంకెలూ గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తాయి.

జూన్‌లో ఉయ్యాల దగ్గర వంతు కోసం ఇంకో పిల్లాడి చెయ్యి కొరికాడు. పళ్ళ గాట్లు పడ్డాయి. ఆ తల్లి నన్నేమీ అనలేదు, ఫొటో పంపింది, అంతే. తిట్టి ఉంటే బాగుండేది. ఆ వారమే డాక్టర్ దగ్గరికి వెళ్ళాం. మూడు విజిట్లు, ఎన్నో ప్రశ్నాపత్రాలు, స్కూల్ టీచర్‌కి ఒకటి వేరే. చివరికి చీటీ మీద ఓడీడీ అని రాశారు. ఎదురు తిరగడం, మాట వినకపోవడం, ఊరికే కోపం తెచ్చుకోవడం వయసుకి మించి ఉంటే పెట్టే పేరు. ఏడీహెచ్‌డీ, అంటే ధ్యాస నిలవకపోవడం, కుదురుగా ఉండలేకపోవడం, ఉందో లేదో కొన్నాళ్ళు ఆగి చూద్దామన్నారు. మందు రాస్తారేమోనని మా ఆయన భయపడ్డాడు, రాయరేమోనని నేను భయపడ్డాను. రాయలేదు. ఒకవేళ ఏడీహెచ్‌డీ అయినా సరే, ఆరేళ్ళు నిండని పిల్లలకి ముందు తల్లిదండ్రుల శిక్షణే ఇవ్వాలని అమెరికా పిల్లల డాక్టర్ల అకాడమీ 2019 మార్గదర్శకాల్లో కూడా ఉందని డాక్టరే చెప్పారు. శిక్షణ అనే మాట దగ్గర నాకు కాస్త గుచ్చుకుంది. శిక్షణకీ శిక్షకీ మధ్య ఉన్నది ఒక్క ణకారమే కదా.

మొదటి శనివారం పదిన్నరకి రమ్మన్నారు. మొదలయ్యేసరికి పదకొండు దాటింది. ఎనిమిది వారాల్లో ఒక్కసారి కూడా టైముకి మొదలవలేదు, ఇది రాసిపెట్టుకోండి. గుండ్రంగా వేసిన ప్లాస్టిక్ కుర్చీలు, తొమ్మిది కుటుంబాలు. నడిపేది ఒక సైకాలజిస్టు మేడమ్, ఆవిడకి సాయంగా ఓ చిన్నమ్మాయి. అక్కడ విన్నవి బయట చెప్పకూడదని మొదటి రోజే అందరి దగ్గరా మాట తీసుకున్నారు. కాబట్టి మిగతావాళ్ళ పిల్లల సంగతులు ఇక్కడ ఉండవు. మావాడి పరువు మాత్రం నా చేతిలోదే.

ఆ రోజు మేడమ్ బోర్డు మీద ఒక బొమ్మ గీసింది. రాత్రి భోజనం. పిల్లాడు ఫోన్ అడుగుతాడు. అమ్మ వద్దంటుంది. వాడు అరుస్తాడు. అమ్మ ఇంకా గట్టిగా అరుస్తుంది. వాడు కంచం తోస్తాడు. అమ్మ ఫోన్ ఇచ్చేస్తుంది. ఇల్లు నిశ్శబ్దం.

"ఇందులో ఎవరికి బహుమతి దొరికింది?" అని అడిగింది.

పిల్లాడికి అన్నాం అందరం, ఒకటో తరగతి పిల్లల్లా.

"ఇంకొకరికి కూడా దొరికింది."

ఎవరూ మాట్లాడలేదు. అప్పటిదాకా ఫోన్ చూసుకుంటున్న ఒకాయన తల ఎత్తకుండానే అన్నాడు: "మనకి. నిశ్శబ్దం దొరికింది కదా మేడమ్."

నా ఆరు వేలలో సగం ఆ ఒక్క మాటకే చెల్లిపోయింది. అరిస్తే ఫోన్ వస్తుందని వాడు నేర్చుకున్నాడు, సరే. ఫోన్ ఇస్తే అరుపు ఆగుతుందని నేను కూడా నేర్చుకున్నాను. ఒకరికొకరం టీచర్లం. పైగా రోజురోజుకీ సిలబస్ పెరుగుతుంది: నిన్న అరుపుకి వచ్చింది ఇవాళ రాకపోతే కంచం, రేపు కంచానికి రాకపోతే కొరకడం. ఇది అమెరికాలో ఆరెగాన్‌లో గెరాల్డ్ ప్యాటర్సన్ అనే సైకాలజిస్టు కనిపెట్టిన లెక్కట. ఆయన మనుషులు ఇళ్ళకి వెళ్ళి ఓ పక్కన కూర్చుని, తల్లీపిల్లల మధ్య ఎవరు ఏమన్నారు, వెంటనే ఎదుటివాళ్ళు ఏం చేశారు అని క్షణక్షణం రాసుకున్నారట. ఆ రాతల్లోంచి వచ్చిందే ఈ బోర్డు మీది బొమ్మ.

రాయడం అనేసరికి నాకు ప్రాణం లేచొచ్చింది. రోజంతా చేసే పనే. మొదటి వారం హోంవర్క్ మూడు గడుల కాగితం: ముందు ఏం జరిగింది, వాడేం చేశాడు, తర్వాత ఏం జరిగింది. ఏడు రోజుల్లో 23 వరుసలు రాశాను. శనివారం ఉదయం బ్యాలెన్స్ షీట్ చూసినట్టు చూసుకుంటే, 17 వరుసలు సాయంత్రం ఆరున్నరకీ ఎనిమిదిన్నరకీ మధ్యవే. మూడో గడిలో ఎక్కువసార్లు ఉన్న మాట "ఇచ్చాను". కొన్నిచోట్ల "అత్తయ్య ఇచ్చారు". అప్పుడు ఆ రెండో మాట మీద నా చూపు ఆగలేదు.

రెండో వారం ఆట. రోజూ పది నిమిషాలు పిల్లాడితో కింద కూర్చోవాలి. వాడు చెప్పిందే ఆట. మనం ప్రశ్న వేయకూడదు, పని చెప్పకూడదు, నేర్పకూడదు. వాడు చేసేది చూసి మాటల్లో చెప్పడమే మన పని. ముందు పిల్లాడి ఆట, ఆ తర్వాతే పెద్దల మాట వినడం అనే ఈ రెండు మెట్ల పద్ధతి 1960లలో కాన్‌స్టెన్స్ హాన్ఫ్ అనే ఆవిడ మొదలుపెట్టిందట, ఆవిడదీ ఆరెగానే. ఆ రాష్ట్రంలో పిల్లలు మరీ అంత అల్లరి చేసేవాళ్ళేమో.

ఇంతేనా అనుకున్నాం. అక్కడే చేసి చూపించమన్నారు. నన్ను పిల్లాడిగా కూర్చోబెట్టి, ఎదురుగా నిజాంపేట నుంచి వచ్చే ఒక నాన్నని కూర్చోబెట్టారు. నా చేతిలో నాలుగు బొమ్మ కార్లు.

"ఎర్ర కారు ముందు పెట్టావు" అన్నాడాయన. మేడమ్ తల ఊపింది. "దాని వెనక నీలం కారు పెట్టావు." బాగుంది. "మరి పసుపు కారుని ఇంగ్లీషులో ఏమంటారు?"

గదంతా గొల్లుమంది. ఆయన నాలుక్కరుచుకున్నాడు. కానీ నా వంతు వచ్చినప్పుడు నేను రెండు నిమిషాలు కూడా ఆగలేకపోయాను. "ఎన్ని చక్రాలున్నాయి నాన్నా?" అనేశాను. మన ఇళ్ళల్లో పిల్లాడి చేతిలో ఏది కనబడినా పరీక్ష పెట్టేస్తాం. అరటిపండు ఇచ్చినా స్పెల్లింగ్ అడుగుతాం. ఆ పది నిమిషాలు నోరు కట్టుకోవడం నాకు ఉపవాసం కన్నా కష్టమైంది. మా ఆయనకి మాత్రం చాలా సులువు. నైట్ షిఫ్టు చేసి వచ్చి చాప మీద పడుకుని "ఆఁ, లారీ వచ్చింది... ఆఁ, గుద్దేసింది" అంటుంటాడు. మేడమ్ లెక్కలో అది నూటికి నూరు. నాకు కొంచెం ఒళ్ళు మండింది.

మూడో వారం పొగడటం. "గుడ్ బాయ్" అంటే చెల్లదు. ఏం చేశాడో చెప్పి పొగడాలి: "పిలవగానే వచ్చావు, భలే", "చెల్లికి ముందు ఇచ్చావు, నాకు నచ్చింది". ఇక్కడ క్లాసులో పెద్ద చర్చే నడిచింది. పిల్లల్ని మొహం మీద పొగిడితే దిష్టి తగులుతుందని మన భయం. స్లైడ్లు రాసినవాళ్ళకి ఇది తెలియదు, మేడమ్‌కి తెలుసు, నవ్వి ఊరుకుంది. ఇంటికొచ్చి అత్తయ్యకి చెబితే ఆవిడ ఒక్క నిమిషం ఆలోచించి, "పొగుడు. రాత్రికి నేను దిష్టి తీసేస్తాలే" అన్నారు. ఆ వారమంతా పగలు నా పొగడ్తలు, రాత్రి ఆవిడ ఉప్పూ ఎండుమిరపకాయలూ. ఏ పుస్తకంలోనూ లేని కలయిక ఇది, మా ఇంట్లో మాత్రం బాగా కుదిరింది.

నాలుగో వారం పని ఎలా చెప్పాలో. వంటింట్లోంచి కేకేయకూడదు. దగ్గరికి వెళ్ళి, కళ్ళలోకి చూసి, ఒక్క పని, చిన్న మాటలో. "స్నానం చేస్తావా?" అని అడిగితే "చెయ్యను" అనే హక్కు మనమే ఇచ్చినట్టు. చెప్పాక మనసులో ఐదు లెక్కపెట్టుకుని ఆగాలి. ఒకరోజు పొద్దున మా ఆయన్ని లెక్కపెట్టమన్నాను. వాడు లేచిన దగ్గర్నుంచి స్కూల్ ఆటో ఎక్కేదాకా 40 నిమిషాల్లో నేను చెప్పిన పనులు 38. లే, బ్రష్ పట్టుకో, నీళ్ళు కట్టెయ్, అటు చూడకు, మింగు, మింగు, సాక్స్ ఏది, ఎన్నిసార్లు చెప్పాలి. ఆ చివరిదాన్ని పనిగా లెక్కేయడం అన్యాయమని వాదించాను. ఒప్పుకోలేదు.

ఇక ఐదో వారం. ఈ రివ్యూ రాయడానికి అసలు కారణం ఆ వారమే.

పాఠం పట్టించుకోకపోవడం గురించి. కొట్టడం, కొరకడం, ప్రమాదం ఉన్నవి కాదు. ఊరికే గునిసి, అరిచి, కింద పడి దొర్లి సాధించుకునేవాటికి మన చూపు కూడా ఇవ్వకూడదు. తిట్టినా సరే అది వాడికి కూలి దొరికినట్టే. వాడు తగ్గిన మరుక్షణం మాత్రం మామూలుగా మాట్లాడాలి. మేడమ్ రెండుసార్లు హెచ్చరించింది: "తగ్గేముందు పెరుగుతుంది. ఇన్నాళ్ళూ పనిచేసింది ఒక్కసారిగా పనిచేయకపోతే వాడు ఇంకా గట్టిగా ప్రయత్నిస్తాడు. అక్కడ ఆగలేమనుకుంటే అసలు మొదలుపెట్టొద్దు."

బుధవారం సాయంత్రం ఏడుంపావు. ఫోన్ అడిగాడు. భోజనం అయ్యాక అన్నాను. మొదలైంది. నేను ఉల్లిపాయలు తరుగుతూ గోడవైపు తిరిగి నిలబడ్డాను. పది నిమిషాలకి గొంతు మారింది. ఇరవై నిమిషాలకి చెప్పుల స్టాండ్ మీది చెప్పులన్నీ హాల్లోకి వచ్చాయి. అరగంటకి 304లో ఆంటీ బెల్ కొట్టి, "పాపం బాబుకి ఒంట్లో బాగాలేదా?" అని లోపలికి తొంగి చూసింది. ఆవిడ చూపులో నేను రాక్షసిని. మా ఆయన డ్యూటీలో ఉన్నాడు. ఉల్లిపాయలు కిలో దాకా తరిగేశాను, మర్నాడు కూడా అవే వాడాం. గడియారం చూసుకుంటూనే ఉన్నాను. 42వ నిమిషంలో ఇల్లు ఒక్కసారిగా నిశ్శబ్దమైంది.

గెలిచానని వెనక్కి తిరిగాను. వాడు సోఫాలో అత్తయ్య పక్కన ముడుచుకుని ఫోన్ చూస్తున్నాడు. ఎక్కిళ్ళు ఇంకా ఆగలేదు. ఆవిడ వాడి వీపు నిమురుతూ నావైపు చూడకుండా అన్నారు: "గుక్క పట్టేస్తున్నాడమ్మాయ్. నేను చూడలేను."

ఆ రాత్రి నేను అన్నం తినలేదు. శనివారం క్లాసులో ఇది చెబుతుంటే మేడమ్ మొహం వాడిపోయింది. "మొదటి నిమిషంలోనే ఇచ్చి ఉంటే నష్టం తక్కువ. ఇప్పుడు 42 నిమిషాలు అరిస్తే వస్తుందని నేర్చుకున్నాడు. లాటరీ ఎప్పుడో ఒకసారి తగులుతుందని తెలిస్తే టికెట్ కొనడం ఎవరైనా మానేస్తారా?"

అప్పుడు నాకు కోపం వచ్చింది, అత్తయ్య మీద కాదు. "మూడింటి నుంచి ఏడింటిదాకా వాడితో ఉండేది ఆవిడ మేడమ్. మీరేమో తల్లిదండ్రులు మాత్రమే రావాలన్నారు. అసలు మనిషిని ఇంట్లో వదిలిపెట్టి మమ్మల్ని పిలిచారు" అన్నాను. అంటే మళ్ళీ మొదటి రోజు ప్రశ్నే, ఈసారి మనిషి మారింది. గుండ్రంలో కూర్చున్న తొమ్మిదింటిలో ఐదు ఇళ్ళలో నాన్నమ్మో అమ్మమ్మో ఉన్నారని అప్పుడు లెక్క తేలింది. ఆ ప్రశ్న చేరే ఫారంలోనే ఉండాలి. లేదు. ఫారంలో తండ్రి చదువు, తల్లి చదువు, ఇన్‌స్టాగ్రామ్‌లో చూసి వచ్చారా అన్న గడి ఉన్నాయి.

వాళ్ళ మంచి చెప్పుకోవాలంటే, వెంటనే ఒప్పుకున్నారు. ఏడో వారం అత్తయ్యని తీసుకెళ్ళాను. కొత్త చీర కట్టుకుని వచ్చారు. మేడమ్ మళ్ళీ అదే బొమ్మ గీసి, "అమ్మా, మీ ఇంట్లో ఇది ఎలా జరుగుతుంది?" అని ఆవిడనే అడిగింది. తప్పంతా తన మీద వేస్తారేమోనని వచ్చిన మనిషి, కాసేపు తటపటాయించి మాట్లాడారు. "నాకు మోకాళ్ళు నొప్పి. వాడు పరిగెత్తితే పట్టుకోలేను. ఫోన్ ఇస్తే ఒకచోట కూర్చుంటాడు. మెట్ల మీద పడతాడేమోనని భయం, అంతే తల్లీ."

ఐదేళ్ళుగా ఒకే ఇంట్లో ఉంటున్నాం. ఈ మాట నేనెప్పుడూ వినలేదు. గారాబం అనుకున్నాను. ఆ శనివారం సాయంత్రమే వడ్రంగిని పిలిచి మెయిన్ డోర్‌కి పైన గడియ పెట్టించాం, 350 రూపాయలు. ఆ తర్వాత మూడింటి నుంచి ఏడింటి మధ్య ఫోన్ అవసరం సగానికి సగం తగ్గింది. ఏ స్లైడులోనూ ఈ గడియ లేదు.

తర్వాతి వారం ఇంకో ఇద్దరు అమ్మమ్మలు, ఒక తాతయ్య వచ్చారు. తాతయ్య కూర్చోగానే "మొక్కై వంగనిది మానై వంగునా" అన్నారు. ఆయన పక్కనున్న అమ్మమ్మ "వంచుతూనే ఉన్నారుగా, విరిగేట్టుంది" అని గొణిగింది. ఆ రోజు క్లాసు బాగా నడిచింది.

చివరి రెండు వారాల్లో స్టార్ల చార్టు, టైమౌటు. ఇవి అందరికీ తెలిసినవే, తొందరగా చెప్పేస్తాను. స్టార్లు మాకు పది రోజులు పనిచేశాయి, తర్వాత వాడు బేరం మొదలుపెట్టాడు: "మంచినీళ్ళు తాగితే ఎన్ని స్టార్లు?" ఒకే ఒక్క పనికి, అదీ పొద్దున బ్రష్ చేయడానికి కుదించాక నిలబడింది. టైమౌటు అంటే వయసుకి ఏడాదికో నిమిషం చొప్పున, ఏమీ తోచని చోట కూర్చోబెట్టడం. బెడ్‌రూములో బొమ్మలు, హాల్లో టీవీ, బాల్కనీ ప్రమాదం. బాత్రూమ్‌లో పెట్టడం, చీకట్లో పెట్టడం, పోలీసు వస్తాడని బెదిరించడం ఒప్పుకోరు. రెండు బెడ్‌రూముల ఇంట్లో ఏమీ తోచని చోటు ఎక్కడుంటుంది? చివరికి వాషింగ్ మెషీన్ పక్కన ఎర్ర స్టూలు. మెషీన్ తిరుగుతున్నప్పుడు మాత్రం పనికిరాదు, వాడికి అది సినిమా.

దెబ్బల గురించి కూడా మాటలు పెరిగాయి. మేం తిని పెరగలేదా అని ఒకాయన. స్కూల్లో కొట్టడాన్ని 2009 విద్యాహక్కు చట్టం నిషేధించింది, ఇంటి సంగతి మన చేతుల్లో ఉంది అంది మేడమ్. ఆయన్ని మార్చాలని చూడలేదు. "మీ మూడు గడుల కాగితంలో దెబ్బ వేసిన వరుసలు చూడండి. తర్వాతి రోజు అదే పని మళ్ళీ చేశాడో లేదో చూడండి" అంది. ఆయన కాగితం తీసి చాలాసేపు చూసుకున్నాడు. ఏం కనిపించిందో చెప్పలేదు.

ఇక తిట్టాల్సినవి. స్లైడ్లన్నీ ఇంగ్లీషే. మాటలు తెలుగులో చెబుతారు గానీ ఇంటికి ఇచ్చే కాగితాలు ఇంగ్లీషులో ఉంటాయి. అత్తయ్య ఏడో తరగతి చదివారు, తెలుగు ముత్యాల్లా రాస్తారు. ఆవిడ కోసం నేనే క్యాలెండర్ కాగితాల వెనక గళ్ళు గీసి తెలుగులో రాశాను. ఆరు వేలు తీసుకున్నవాళ్ళు ఆ మాత్రం చేయించలేరా? వీడియోలన్నీ విదేశాలవి. ఇంటి వెనక తోట, పిల్లాడికో గది, తల్లి గొంతులో తేనె. ఉమ్మడి హాలూ, పనిమనిషి, పక్కింటి ఆంటీ ఉన్న వీడియో ఒక్కటి కూడా లేదు.

పిల్లల్ని తేవద్దంటారు, ఎక్కడ వదలాలో చెప్పరు. ఒంటరిగా పిల్లాణ్ణి పెంచుకుంటున్న ఒక తల్లి రెండు వారాలు వచ్చి ఇదే కారణంతో మానేసింది. కింద క్లినిక్‌లో ఆటల గది శనివారం ఖాళీగానే ఉంటుంది, నేను చూశాను. వాట్సాప్ గ్రూపులో సందేహాలు అడగమన్నారు. గుడ్ మార్నింగ్‌లూ, శంకర్‌పల్లి ప్లాట్ల ప్రకటనల మధ్య మన సందేహం ఎక్కడో తేలుతుంటుంది. స్కూల్‌కి ఒక ఉత్తరం ఇచ్చారు. ఫైల్లో పెట్టుకుంటామన్నారు స్కూల్ వాళ్ళు. పెట్టుకునే ఉంటారు.

వారాలు కూడా చాలవు. మా పిన్ని కూతురు ఇంగ్లండ్‌లో ఉంటుంది. వాళ్ళ కౌన్సిల్ (మన మునిసిపాలిటీ లాంటిది) తరఫున ఇలాంటి క్లాసుకే వెళ్ళింది, ఇన్‌క్రెడిబుల్ ఇయర్స్ అని, సియాటిల్‌లో కరొలిన్ వెబ్‌స్టర్-స్ట్రాటన్ తయారుచేసింది. 14 వారాలు, ఉచితం, మధ్యలో వారంవారం ఫోన్ చేసి ఎలా ఉందని కనుక్కునేవారట. ఏ వైద్యం ఎలా చేయాలో అక్కడి డాక్టర్లకి చెప్పే నైస్ సంస్థ 2013 మార్గదర్శకం ప్రకారం ఇలాంటి గ్రూపు శిక్షణ 10 నుంచి 16 సమావేశాలు, ఒక్కోటి గంటన్నర నుంచి రెండు గంటలు ఉండాలి. వినడమే కాదు, అక్కడే చేసి చూసి, తప్పులు దిద్దించుకోవాలి. మావి ఎనిమిది, అందులో ప్రతిసారీ అరగంట ఆలస్యానికే పోయింది. ఐదో వారం బుధవారం నాకు ఎవరైనా ఒక్క ఫోన్ చేసి ఉంటే... సరే, అయిపోయింది.

అయితే ఒంటరిగా కౌన్సెలింగ్‌కి వెళితే ఒక గంటకి 1,200 అడుగుతున్నారు. అదే లెక్కన ఆరు వేలకి ఐదు గంటలు వస్తాయి. ఇక్కడ ఆలస్యాలు పోను పన్నెండు గంటలు దొరికాయి, పైగా ఎనిమిది ఇళ్ళ తోడు. టీ బ్రేక్‌లో ఉస్మానియా బిస్కెట్ ముంచుకుంటూ "మీవాడు కూడా చెప్పులేనా?" అని ఇంకో తల్లి అడిగినప్పుడు దిగిన బరువుకి రేటు కట్టలేను. అంతకుముందు ఆరు నెలలుగా నేను అపార్ట్‌మెంట్ ఫంక్షన్లకి వెళ్ళడమే మానేశాను.

డబ్బు పెట్టలేనివాళ్ళకి, లేదా ముందు ఎవరితోనైనా మాట్లాడి చూద్దామనుకునేవాళ్ళకి టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ ఉంది, 14416. ప్రభుత్వానిదే, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. క్లాసుకి బదులు కాదు, దారి చెప్పడానికి.

ఫలితం అడుగుతారని తెలుసు. క్లాసులు అయి మూడు నెలలైంది. వారానికి 23 వరుసలు ఇప్పుడు 8, 9 దగ్గర ఆడుతున్నాయి. కొరకడం ఆగస్టు తర్వాత లేదు. చెప్పులు ఇంకా ఎగురుతున్నాయి. డాక్టర్ డిసెంబర్‌లో మళ్ళీ చూస్తానన్నారు, ఏడీహెచ్‌డీ సంగతి అప్పుడు తేలుతుంది. ఐదుకి మూడున్నర ఇస్తాను. చేరేముందు మూడు అడగండి: రోజంతా పిల్లాడితో ఉండేవాళ్ళని రానిస్తారా, కాగితాలు తెలుగులో ఇస్తారా, క్లాసు క్లాసుకీ మధ్య ఫోన్ చేస్తారా. మొదటిదానికి కాదంటే వెళ్ళకండి.

క్యాలెండర్ కాగితాలు అత్తయ్య ఇంకా రాస్తున్నారు, ఫ్రిజ్ మీద అయస్కాంతానికి పెట్టి. నిన్న రాత్రి నీళ్ళ సీసా తీస్తూ చివరి వరుస చదివాను. మొదటి గడిలో: "7:10. వాడు బొమ్మ చూపించాడు. కోడలు ఫోన్ చూసుకుంటూ ఊఁ అంది." రెండో గడిలో: "గిన్నె విసిరాడు." మూడో గడిలో: "కోడలు ఫోన్ పక్కన పెట్టి వాడి దగ్గరికి వచ్చింది."